వల్లి ఏడికి పోయింది?

2022 ఆగస్టులో రాఖీ కట్టడానికి గద్వాలకు, మా అన్న ఇంటికి వెళ్ళాను. పండగ సందడి తగ్గేలోపే, ఆగస్టు 13న 'కార్తికేయ 2' విడుదలైంది. పదేళ్ళ మా మేనకోడలు వెంటపడింది. "అత్తమ్మా, మొదటిది నేను టీవీల మూడుసార్లు చూసిన. రెండోది టాకీసులనే చూడాలె" అంది. మర్నాడు ఆదివారం. సెకండ్ షోకి పోదామని నేనన్నాను. ఇంట్లో ఎవరూ కాదనలేదు, ఎవరూ అవునని కూడా అనలేదు. చివరికి వదినే తేల్చేసింది. "సెకండ్ షో వద్దులే. ఫస్ట్ షోకి పోదాం. ఇడిసినంక మీ అన్న వచ్చి తోలుకొస్తడు."

ఆ మాట చెప్పి ఆమె జొన్నరొట్టెలు చేయడానికి కూర్చుంది. సినిమాకి పోవాలంటే ముందు రాత్రి తిండి సంగతి ముగించాలి, ఉతికిన బట్టలు తీయాలి, మా అమ్మకి మందులు ఇవ్వాలి. అన్నీ వదినే చేసింది. నేను చీర మార్చుకుని, వాకిట్లో చెప్పులేసుకుని నిలబడ్డాను. స్త్రీల శ్రమ గురించి సెమినార్లలో మాట్లాడే మనిషిని నేను. ఈ సంగతి ఇక్కడ రాయకపోతే మిగతాదంతా రాయడానికి నాకు అర్హత ఉండదు.

హాల్లో మా వరసంతా ఆడవాళ్ళే. చంటిపిల్లలతో వచ్చినవాళ్ళు, కొత్తగా పెళ్ళయినవాళ్ళు, పక్క ఊళ్ళ నుంచి ఆటోల్లో వచ్చినవాళ్ళు. నా పక్క సీట్లో పద్నాలుగేళ్ళ పిల్ల తన తల్లితో వచ్చింది. లైట్లు ఇంకా ఆర్పలేదు. ఆమె చేతివేళ్ళ చివర్లు పసుపుగా, గరుకుగా కనిపించాయి. అడిగితే, "సీడుపత్తిల క్రాసింగుకు పోతున్న అక్కా. పొద్దుగాలే మళ్ళ పోవాలె" అంది. నడిగడ్డలో ఆగస్టు అంటే అదే. పొద్దువాలేటప్పుడు ఆడపూల మొగ్గల నుంచి కేసరాలు గిల్లేయాలి. మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి పుప్పొడి రుద్దాలి. ఒక్కొక్క పువ్వునూ చేత్తోనే, మందు కొట్టిన చేలోనే. ఈ పత్తిచేలల్లో ఆడపిల్లల శ్రమ గురించి 2000 దశకం మొదటి నుంచీ పరిశోధకులూ, బాలల హక్కుల కోసం పనిచేసేవాళ్ళూ రాస్తూనే ఉన్నారు. రాతలు వచ్చాయి, కొంత మార్పూ వచ్చింది. ఆ పిల్ల వేళ్ళు మాత్రం నా పక్క సీట్లో పసుపుగానే ఉన్నాయి.

సినిమా మొదలైంది. కార్తీక్ అనే కుర్ర డాక్టరు మొక్కు తీర్చుకోవాలనుకున్న తల్లి వెంట ద్వారకకు వెళ్తాడు. అక్కడ ఒక పురావస్తు శాస్త్రవేత్త చావుతో అతనికి చిక్కులు మొదలవుతాయి. శ్రీకృష్ణుడి కాలి కడియం కోసం వెతుకులాట, ఎడారులు, కొండలు, గుహలు, చిక్కుముళ్ళు. పిల్లలు కళ్ళార్పకుండా చూశారు. నేనూ చూశాను. చందూ మొండేటికి కథ పరిగెత్తించడం తెలుసు. బూతు మాటల్లేవు. ఆడదాని ఒంటి మీద కెమెరా పాకే పాటల్లేవు. హీరోయిన్‌ని చెంపదెబ్బ కొట్టి ప్రేమించే హీరో లేడు. ఇంటర్వెల్లో వదిన హాయిగా ఊపిరి పీల్చుకుని, "పిల్లలతోని సూడొచ్చు, మంచిగుంది" అంది.

అప్పుడే మా మేనకోడలు సమోసా నములుతూ అడిగింది.

"అత్తమ్మా, మరి వల్లి ఏడికి పోయింది?"

2014 అక్టోబరులో వచ్చిన మొదటి 'కార్తికేయ'లో కథానాయిక పేరు వల్లి. స్వాతి వేసింది ఆ పాత్ర. కార్తికేయుడికి వల్లి. పురాణం తెలిసినవాళ్ళెవరికైనా ఆ జంట విడదీయరానిదని తెలుసు. సినిమా ఆ పేర్లు ఏరికోరి పెట్టుకుంది. రెండో భాగంలో కార్తీక్ ఉన్నాడు. అతని తెలివి, అతని కుతూహలం, అతని తల్లి అందరూ ఉన్నారు. వల్లి స్థానంలో అనుపమా పరమేశ్వరన్ వేసిన ముగ్ధ ఉంది. నా మేనకోడలికి నేను జవాబు చెప్పలేకపోయాను. "ఇది వేరే కథ బుజ్జీ" అన్నాను. "మరి కార్తీక్ ఆయనే కదా?" అంది.

ఆ ప్రశ్న దగ్గరే నేను ఇప్పటికీ ఆగిపోయి ఉన్నాను. సీక్వెల్ అంటే ఏమిటి? ఒక మనిషి బతుకు కొనసాగడం. నిన్న చేసిన పనిని గుర్తుపెట్టుకుని ఇవాళ ఇంకో పనికి బయల్దేరడం. అంటే సీక్వెల్ దక్కాలంటే ఆ మనిషికి ఒక నిన్న, ఒక రేపు ఉండాలి. మన సినిమాలు ఆ రెండూ హీరో పేరున రాసిచ్చేశాయి. హీరోయిన్‌కి ఉన్నది ఒక్క సినిమా నిడివి వర్తమానం.

ఇది ఒక్క సినిమా తప్పయితే ఇంత మాట అననక్కర్లేదు. 2004లో 'శంకర్ దాదా ఎం.బి.బి.ఎస్.'లో సోనాలీ బెంద్రే డాక్టరు. 2007లో 'శంకర్ దాదా జిందాబాద్' వచ్చేసరికి దాదా ఉన్నాడు, పక్కనుండే ఏటీఎం ఉన్నాడు, ప్రియురాలు మారిపోయింది. 'కిక్'లో ఇలియానా, 'కిక్ 2'లో రకుల్ ప్రీత్. అన్నిటికంటే నన్ను బాధపెట్టేది 'బాహుబలి'లో అవంతిక. 2015లో వచ్చిన మొదటి భాగంలో ఆమె తిరుగుబాటు దళంలో పోరాడే మనిషి. దేవసేనను విడిపించడం ఆమెకు అప్పగించిన పని, ఆమె ఎదురుచూసిన పని. శివుడు వచ్చి ప్రేమించాడు, ఆమె లక్ష్యాన్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. 2017లో రెండో భాగంలో ఆమెను వెతుక్కోవాల్సి వచ్చింది. కత్తి పట్టిన ఆడదానికే ఆ గతి అయితే, పుస్తకం పట్టిన ముగ్ధ ఏపాటి?

ముగ్ధ సంగతికి వస్తాను. ఆమె డమ్మీ కాదు. పోలీసుల చేతిలో చిక్కిన కార్తీక్‌ను తప్పించేది ఆమే. ప్రయాణం పొడుగునా వెంట ఉంటుంది, ప్రమాదాల్ని పంచుకుంటుంది. అయితే ఒక్క విషయం గమనించండి. చనిపోయిన ఆ పురావస్తు శాస్త్రవేత్త ఆమెకు తాత. ఆ పరిశోధన ఆమె ఇంట్లో పుట్టింది. దానికి వారసులెవరని అడిగితే చిన్నపిల్లలు కూడా మనవరాలి పేరే చెప్తారు. కానీ కథ ఆ బాధ్యతను, ఆ దారిన పోతూ తారసపడ్డ కుర్రాడి భుజానికెత్తింది. అతను ఎన్నికైనవాడు. ఆమె తోడొచ్చినది.

ఇది చూస్తున్నప్పుడు నాకు కడుపులో ఏదో తిప్పినట్లయింది. కారణం సినిమా కాదు, నా సొంత జ్ఞాపకం. నా పీహెచ్‌డీ స్త్రీల యాత్రారచనల మీద. పాత గ్రంథాలయాల్లో, ఎవరి అటకల మీదో దుమ్ముకొట్టుకున్న సంచికల్లో నెలల తరబడి వెతికి కొన్ని వ్యాసాలు పోగుచేశాను. ఆ సేకరణ గురించి దూరపు ఊళ్ళో ఒక సదస్సులో మాట్లాడాల్సి వచ్చినప్పుడు, నాతో పాటు పనిచేసే అబ్బాయిని పంపారు. ఎవరూ నన్ను కించపరచలేదు. చాలా ఆప్యాయంగా, "రాత్రి ప్రయాణం కదమ్మా, నీకెందుకు ఇబ్బంది" అన్నారు. కాగితాలు నావి, గొంతు అతనిది. అతను తిరిగొచ్చి నాకు కృతజ్ఞతలు కూడా చెప్పాడు. నా పరిశోధనలో నేను తోడొచ్చినదాన్నయ్యాను. ఆ రోజు నేను పోట్లాడలేదు. ఆప్యాయతతో ఎట్లా పోట్లాడాలో నాకు తెలియలేదు.

సరిగ్గా ఇదే 'కుటుంబ సమేతంగా చూడదగ్గ సినిమా' చేసే పని. బూతు సినిమా వస్తే మనకు కోపం వస్తుంది. వ్యాసాలు రాస్తాం, పోస్టర్లు చింపుతాం, పిల్లల్ని తీసుకుపోము. శుభ్రమైన సినిమాకి మాత్రం మనమే పిల్లల చేయి పట్టుకుని తీసుకుపోతాం. మనల్ని అవమానించనందుకు ధన్యవాదాలు చెప్పుకుంటూ కూర్చుంటాం. ఎంత తక్కువకు సంతృప్తిపడటం నేర్పారో చూడండి! తెర మీద తిట్టకపోతే చాలు, కొట్టకపోతే చాలు. ఉన్నామా లేదా అన్నది అడగడమే మరిచిపోయాం. అవమానం లేకపోవడం ఒకటి, స్థానం ఉండటం మరొకటి. 2022 సంవత్సరానికి జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంపికైంది ఈ సినిమానే. ఉత్తమమైనదే ఇట్లా ఉంటే మనం దేన్ని చూసి సంతోషపడాలి?

సాహసం అనే మాటనే తీసుకోండి. మగవాడి విషయంలో అది పరాక్రమం. 'పాతాళభైరవి' (1951)లో మాంత్రికుడు తోటరాముణ్ణి సాహసానికి పురమాయించాడు. దానికి ప్రతిఫలంగా చూపించింది రాజకుమారిని. అంటే ఆడది సాహసం చివర ఉండే బహుమానం. మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీ మజిలీ కథలు'లో నడిచేదీ ఇద్దరు మగవాళ్ళే. యతి కథ చెప్తాడు, గోపకుమారుడు వింటాడు. ఇక ఆడదాని విషయంలో ఇదే మాట ఎట్లా మారుతుందో చాణక్య నీతి పేరున చెలామణి అయ్యే ఒక శ్లోకం చెప్తుంది. ఆడదానికి మగవాడికంటే తిండి రెండింతలు, సిగ్గు నాలుగింతలు, సాహసం ఆరింతలు, కామం ఎనిమిదింతలు అని లెక్కకట్టింది ఆ శ్లోకం. దాన్ని మెచ్చుకోలు అని ఎవరూ అనుకోరు. అక్కడ సాహసం అంటే దుడుకుతనం. తెలుగులోనూ అంతే. మగవాడిది తెగువ, ఆడదానిది తెగింపు, ఇంకో మెట్టు ఎక్కితే బరితెగింపు. ఒకే ధాతువు, గడప దాటగానే అర్థం మారిపోతుంది.

మరి ఆడవాళ్ళు బయల్దేరలేదా? 1870లలోనే పోతం జానకమ్మ మద్రాసు నుంచి ఇంగ్లండుకు ఓడెక్కింది. చూసినవి తెలుగులో రాసుకుంది. అది 1876లో ఇంగ్లీషులోనూ పుస్తకంగా వచ్చింది. సముద్రం దాటితే మగవాళ్ళకే కులం పోతుందని వాదులాడుకుంటున్న రోజులవి. ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర మన పాఠ్యపుస్తకాల్లోకి వచ్చింది. జానకమ్మ పేరు ఎంతమంది తెలుగు ఎం.ఏ. విద్యార్థులు విన్నారో అడిగి చూడండి. నేను ఎం.ఏ. ముగించేదాకా వినలేదు.

అంత వెనక్కి పోనక్కర్లేదు. మొదటి 'కార్తికేయ' వచ్చిన 2014లోనే, దానికి ఐదు నెలల ముందు, మే 25న, నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన గిరిజన బాలిక మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. వ్యవసాయ కూలీల బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. అంత ఎత్తు ఎక్కిన బాలికల్లో ఆ రోజుకి ప్రపంచంలో ఆమే అతి చిన్నది. కుటుంబమంతా కూర్చుని చూడదగ్గ సాహసగాథ కావాలంటే ఇంతకంటే ఏం కావాలి? దాన్ని 2017లో సినిమాగా తీసింది రాహుల్ బోస్, హిందీలో. మన కథకులు మాత్రం కొండలూ గుహలూ కావాల్సి వచ్చినప్పుడల్లా ఒక కుర్రాణ్ణే ఎక్కించారు.

"మార్కెట్ అమ్మా, మార్కెట్" అంటారు. హీరో పేరు మీద టిక్కెట్లు తెగుతాయి, హీరోయిన్ పేరు మీద తెగవంటారు. ఈ మాట ఇంకెక్కడైనా చెల్లుతుందేమో గాని గద్వాలలో చెల్లదు. 2009 సంక్రాంతికి వచ్చిన 'అరుంధతి' కథ జరిగేది గద్వాల సంస్థానంలోనే. తీసింది వేరే చోట్ల అయినా పేరు మాది. ఆ సినిమా ఎంత ఆడిందో నేను చెప్పనక్కర్లేదు. మా ఊళ్ళో ముసలమ్మలు కూడా జేజమ్మను చూడటానికి బండ్లు కట్టుకుని వచ్చారు. ఒక ఆడదాని పేరుతో, ఆడదాని బలంతో, మగ తార అండ లేకుండా డబ్బులు రాలాయి. ఇన్నేళ్ళయినా 'అరుంధతి 2' రాలేదు. మరి మార్కెట్ సూత్రం ఏమైంది? అంతకంటే చిన్న విజయాలకు కూడా రెండో భాగాలు, మూడో భాగాలు పుట్టాయి కదా!

'అరుంధతి'తో నాకు ఇంకో పేచీ కూడా ఉంది. జేజమ్మ గెలవాలంటే ముందు తను చావాలి. తన ఎముకలే ఆయుధం కావాలి. హీరో సాహసం చేస్తే కడియం దొరుకుతుంది, పై భాగానికి దారి తెరుచుకుంటుంది. ఆడది సాహసం చేస్తే త్యాగమూర్తి అవుతుంది. మనకు దక్కిన ఒక్క విజయంలోనూ తిరిగి ఇంటికొచ్చి అన్నం తినే ఆడ సాహసికురాలు లేదు.

గద్వాల కోట చూసినవాళ్ళకు తెలుసు, దాని లోపల చెన్నకేశవాలయం ఉంది, డిగ్రీ కాలేజీ ఉంది. ఆ కాలేజీకి పెట్టిన పేరు మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మది. సంస్థానాన్ని చివరగా ఏలింది ఆమే. గద్వాల చీర ఇంత పేరు తెచ్చుకోవడం వెనక ఆమె ఆదరణ ఉందని నేతగాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అంటే మా ఊరి పిల్లలు రోజూ ఒక ఏలిక స్త్రీ పేరు ఉన్న గేటు కిందుగా క్లాసుకి పోతారు. అదే పిల్లలు ఫస్ట్ షో ఇడిసినంక అన్న వచ్చేదాకా ఆ ఊళ్ళోనే లైటు స్తంభం కింద నిలబడతారు. ఏలడానికి అభ్యంతరం లేదు, ఇల్లు చేరడానికే అభ్యంతరం. ఈ వైరుధ్యం నుంచి కదా మన కథలు పుట్టాల్సింది?

"సరదాగా చూసే సినిమాలో ఇవన్నీ వెతకాలా?" అని ఒక మిత్రుడు అడిగాడు. వెతకాలి. పెద్దవాళ్ళం చూసి మరిచిపోతాం. పిల్లలు చూసి కొలతలు తీసుకుంటారు. దారి ఎవరిది, మ్యాపు ఎవరి చేతిలో ఉంటుంది, చీకటి గుహలోకి ముందు ఎవరు దిగుతారు, వెనక టార్చి ఎవరు పట్టుకుంటారు. ఆ కొలతలతోనే రేపు స్కూలు విహారయాత్రకు ఎవరిని పంపాలో, దూరపు ఊళ్ళో సీటొస్తే ఎవరిని చేర్పించాలో ఇంట్లో నిర్ణయాలు జరుగుతాయి. అప్పుడు ఎవరూ సినిమా పేరు ఎత్తరు. ఆప్యాయంగా, "నీకెందుకమ్మా ఇబ్బంది" అంటారు.

హీరోయిన్ చేతికి ఒక తుపాకీ ఇచ్చి రెండు ఫైట్లు పెట్టమని నేను అడగడం లేదు. ఆ వేషం కూడా చూశాం. నేనడిగేది జ్ఞాపకం. మొదటి భాగంలో ఉన్న స్త్రీ రెండో భాగంలో ఏమైందో చెప్పాల్సిన పూచీ కథకుడికి ఉండాలి. చదువు మానేసిందా, డాక్టరయిందా, విడిపోయిందా, చచ్చిపోయిందా? ఒక్క వాక్యం. హీరో పెంచుకున్న కుక్క కనిపించకపోతే ప్రేక్షకులు అడుగుతారని కథకులు జాగ్రత్తపడతారు. వల్లిని ఎవరూ అడగరనే ధీమా వాళ్ళకు ఎవరిచ్చారు? మనమే ఇచ్చాం. ఇన్నేళ్ళూ అడగకుండా.

ఆ రాత్రి సినిమా వదిలాక బయట జనం పలచబడ్డారు. నా పక్కన కూర్చున్న పిల్ల, ఆమె తల్లి, ఇంకో ఆరుగురు ఆడవాళ్ళు ఒకే ఆటోలో ఎక్కి చీకట్లోకి వెళ్ళిపోయారు. వాళ్ళను తోలుకుపోవడానికి ఎవరూ రాలేదు. ఆటో కదిలేముందు ఆ పిల్ల మా మేనకోడలికి చెయ్యి ఊపింది. తెల్లవారకముందే లేచి ఆమె చేనికి పోవాలి. దాన్ని సాహసం అని పొగిడి చేతులు దులుపుకోవడం నాకిష్టం లేదు. పద్నాలుగేళ్ళ పిల్ల చేలో ఉండాల్సి రావడం మనకు సిగ్గు. అయితే దారీ చీకటీ మన ఆడపిల్లలకు తెలియనివన్నట్టు కథలల్లేవాళ్ళు ఒక్కసారి మా నడిగడ్డకు వచ్చి, ఆ ఆటోలో కూర్చుని ఆ ఊరిదాకా పోయి రావాలి.

అన్న బండి మీద వచ్చాడు. నలుగురం ఒక్క బండి మీద పట్టం కనక వదిన, పిల్ల ముందు వెళ్ళారు. "నువ్వు ఈడనే ఉండు, మళ్ళ వస్త" అన్నాడు అన్న. మూడు వీధుల దూరం. నేను ఆగలేదు, నడిచి వెళ్ళాను. సగం దారిలో బండి ఎదురొచ్చింది. అన్న ఏమీ అనలేదు, నా పక్కనే బండి నడిపించుకుంటూ వచ్చాడు. ఇంటికొచ్చాక వదిన నాకు అన్నం పెడుతూ చెవిలో అంది, "వచ్చేసారి సెకండ్ షోకి పోదాం."

2024లో 'కార్తికేయ 3' వస్తుందని ప్రకటించారు. ఆ వార్త చెప్పడానికి మా మేనకోడలు ఫోన్ చేసింది. ఇప్పుడు దానికి పన్నెండేళ్ళు. సంబరంగా చెప్పి, ఒక్క క్షణం ఆగి అడిగింది.

"అత్తమ్మా, దాంట్ల ముగ్ధ ఉంటదా?"